కాన్పుకు ముందు బిడ్డకు ఏమేం కొనాలి: మొదటి పదిహేను రోజుల లెక్క

బిడ్డ భూమ్మీద పడకముందే బట్టలు, ఉయ్యాల తెచ్చి పెట్టకూడదని సీమలో చాలా ఇళ్లలో పెద్దలు అంటారు. ఆ మాట మీద అవ్వతో వాదన పెట్టుకోవద్దు, అది మీ ఖర్చును తగ్గించే మాటే. కాన్పుకు ముందు తెలియనివి మూడున్నాయి: బిడ్డ బరువు, తల్లిపాలు కుదిరే తీరు, బంధువులు తెచ్చే కానుకలు. ఈ మూడూ తేలేది పుట్టిన పది, పదిహేను రోజుల్లో. కాబట్టి ఆ పదిహేను రోజులకు సరిపడా మాత్రమే ముందు సిద్ధం చేసుకుంటే చాలు. అందులో సగం పాత బట్టలే కాబట్టి "కొన్నట్టు" కూడా కాదు. మిగతావి కర్నూలు, కడప, అనంతపురంలో ఏ రోజైనా గంటలో దొరుకుతాయి.

ముందు మూడు ప్రశ్నలు

చీటీ రాయకముందు ఈ మూడింటికి జవాబు తేల్చుకోండి. ఇవి లేకుండా వేరేవాళ్ల పట్టీ చూసి కొంటే సగం వృథా అవుతుంది.

మొదటిది, కాన్పు ఏ నెలలో? మార్చి నుంచి జూన్ దాకా మన ఊళ్లలో పగలు 40 డిగ్రీలు దాటడం మామూలే. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున బండల నేల మీద కాలు పెడితే జివ్వుమంటుంది. సెప్టెంబరు, అక్టోబరులో ముసురు పడితే బట్ట ఆరదు. ఒకే పట్టీ ఈ మూడు కాలాలకూ పనికిరాదు.

రెండోది, కాన్పయ్యాక ఎవరింట్లో ఉంటారు? బెంగళూరులోనో హైదరాబాదులోనో కాపురం ఉండి, పుట్టింటికి అనంతపురం వచ్చేవాళ్లు పెద్ద తొట్టి, టబ్బు అక్కడ కొని మోసుకు రావద్దు. మూడో నెలలోనో ఐదో నెలలోనో తిరిగి వెళ్లేటప్పుడు అన్నీ మళ్లీ సర్దాలి. పుట్టింట్లో ఇప్పటికే ఉన్నవేమిటో ముందు ఫోన్ చేసి అడగండి. అటక మీద పాత చెక్క ఉయ్యాల ఉండే ఇళ్లు చాలా ఉన్నాయి.

మూడోది, ఆ ఇంటికి నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయి? ఈ ప్రశ్న ఏ పట్టీలోనూ కనబడదు. కానీ లంగోటీలు ఎన్ని కావాలో తేల్చేది ఇదే.

లంగోటీల లెక్క

మొదటి రోజు బిడ్డ ఒకటి రెండుసార్లే ఒంటేలు పోస్తుంది. పాలు బాగా పడ్డాక, అంటే ఐదో రోజు నుంచి, రోజుకు ఆరుసార్లకు తగ్గదు. విరేచనం అదనం. మొత్తం మీద రోజుకు 12 గుడ్డలు పట్టుకోండి.

ఆ 12ను, ఉతుక్కీ ఉతుక్కీ మధ్య రోజులకు ఆరే సమయం కలిపి హెచ్చవేయాలి. రోజూ ఉతికే వీలుంది, ఎండాకాలం అనుకుంటే ఒకటిన్నర రోజు: 18 గుడ్డలు. రోజు విడిచి రోజు నీళ్లయితే రెండున్నర రోజులు: 30. రోజు విడిచి రోజు నీళ్లూ, పైన ముసురూ అయితే మూడు రోజులు: 36. రాత్రిపూట డైపర్ వేస్తామంటే రోజుకు మూడు గుడ్డలు తగ్గించుకోవచ్చు.

వీటిని కొనక్కర్లేదు. బాగా వాడి మెత్తబడిన నూలు చీరను మించిన గుడ్డ అంగట్లో దొరకదు. ఐదున్నర మీటర్ల చీరకు అంచులు, కొంగు తీసేస్తే దాదాపు 110 సెంటీమీటర్ల వెడల్పు, నాలుగున్నర మీటర్ల పొడవు మిగులుతాయి. దాన్ని 55 సెంటీమీటర్ల చదరాలుగా కోస్తే అడ్డంగా రెండు, పొడవునా ఎనిమిది, మొత్తం 16 వస్తాయి. గుడ్డ మరీ పలచబడి ఉంటే రెండేసి కలిపి కుట్టించండి, 8 అవుతాయి. అదే చీరను మీటరు పొడవున కోస్తే బిడ్డను చుట్టే గుడ్డలు నాలుగు. కాబట్టి మూడు నాలుగు పాత నూలు చీరలు, ఒక తెల్ల పంచె ఉంటే బట్టల పని ముప్పాతిక వంతు అయిపోయినట్టే.

చీర నిజంగా నూలేనా అని అనుమానం వస్తే అంచు నుంచి ఒక పోగు లాగి వెలిగించి చూడండి. నూలుపోగు కాగితంలా కాలి మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టర్ కలిపిన గుడ్డయితే ముడుచుకుపోయి చివర గట్టి గుండులా మిగులుతుంది. ఆ గుడ్డ తడి పీల్చదు, మన ఎండకు ఒరుసుకుని ఒళ్లు ఎర్రబడుతుంది.

కోసిన అంచుల్ని అలాగే వదలొద్దు. ఊడిన పోగు బిడ్డ కాలి వేలికి చుట్టుకుంటే కొన్ని గంటల్లో వేలు వాచి నల్లబడేదాకా పోతుంది. బిడ్డ ఏడుస్తూనే ఉంటుంది, కడుపునొప్పేమో అనుకుంటారు. అంచు రెండుసార్లు మడిచి కుట్టించండి. అంగట్లో కొన్న సాక్సులు, చేతి తొడుగులు కూడా లోపలివైపు తిప్పి పోగులు కత్తిరించాకే వేయాలి. అసలు చేతి తొడుగులు కొనొద్దు. గోళ్లు గీరుకుంటాయని భయమైతే మెత్తటి ఆకురాయితో గోరు చివర రుద్దితే చాలు.

ఇంకో జాగ్రత్త అంతకంటే ముఖ్యం. పాత చీరలు, అక్క పిల్లల బట్టలు ట్రంకుపెట్టెలో కలరా ఉండలతో పెట్టి ఉంటాయి. ఆ ఉండల్లోని నాఫ్తలీన్ వాసన పీల్చడం వల్ల, జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లల్లో ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు ఒక్కసారిగా పెరుగుతాయి. ఆ లోపం ఉందో లేదో పుట్టిన రోజున ఎవరికీ తెలియదు. కాబట్టి వేరే బట్టలు ఉంటే ఇవి వాడొద్దు. తప్పకపోతే కాన్పుకు నెల ముందే తీసి రెండు మూడుసార్లు ఉతికి, కొన్ని రోజులు ఎండలో గాలికి ఆరేసి, వాసన పూర్తిగా పోయాకే వాడండి. బిడ్డ బట్టలు పెట్టే బీరువాలో ఆ ఉండలు ఒక్కటీ ఉండకూడదు.

బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లలో సబ్బు నురగ రాదు, గుడ్డలో ఉండిపోతుంది. అలాంటి గుడ్డ అప్పడంలా బిర్రబిగుస్తుంది, తడి పీల్చదు, బిడ్డకు దద్దుర్లు తెస్తుంది. సబ్బు తగ్గించండి, జాడింపు ఇంకొకటి పెంచండి. కాన్పు గుడ్డల చివరి జాడింపుకైనా మంచినీళ్లు పట్టి ఉంచుకోండి. సువాసన ద్రవాలు, గంజి వద్దు. కొత్తగా కొన్న బట్టకు కూడా అంగడి గంజి ఉంటుంది కాబట్టి రెండుసార్లు ఉతికాకే ఒంటి మీద వేయాలి.

ఒంటి బట్టలు: నెలను బట్టి

ముందు ముడి వేసుకునే జబ్లాలే మొదటి నెలకు మేలు. తల మీదుగా తొడిగేవాటితో మెడ నిలవని బిడ్డకు, అలవాటు లేని చేతులకు ఇద్దరికీ కష్టం. వెనక ముడి ఉన్నవి వీపు కింద ఒత్తుకుంటాయి.

ఎండాకాలం కాన్పుకు చేతుల్లేని పలచటి మల్ గుడ్డ జబ్లాలు 6 చాలు. ఇంట్లో టోపీ, సాక్సులు, దుప్పటి అక్కర్లేదు. వేడిలో మూటకట్టిన బిడ్డకు ఒళ్లు కాలి జ్వరమేమో అనిపిస్తుంది. చాలాసార్లు అది గుడ్డల వేడే. చలికాలానికి నిండు చేతుల నూలు జబ్లాలు 6, టోపీలు 3, సాక్సులు 4 జతలు, మెత్తటి దుప్పటి 1. పెద్దవాళ్లు వేసుకున్న దానికన్నా ఒక పొర ఎక్కువ, అదే కొలత. ఉన్ని ఒంటికి తగలకుండా కింద నూలు గుడ్డ ఉండాలి.

అయితే ఒక మినహాయింపు. మే నెలలో కాన్పయినా రెండు టోపీలు, రెండు మందపాటి తువ్వాళ్లు ఆసుపత్రికి తప్పకుండా తీసుకెళ్లాలి. ఆపరేషన్ గదిలో ఏసీ ఉంటుంది, బిడ్డ తడిగా బయటికి వస్తుంది, తల పెద్దది కాబట్టి అక్కడి నుంచి వేడి ఎక్కువగా పోతుంది. ఒక గుడ్డతో తుడిచి, అది పక్కన పడేసి, ఇంకో పొడి గుడ్డలో చుట్టాలి. ఎండాకాలం కదా అని టోపీ తీసుకెళ్లనివాళ్లు అర్ధరాత్రి ఆసుపత్రి ఎదురు అంగళ్లు తట్టడం మామూలే.

సైజు దగ్గర తొందరపడొద్దు. అప్పుడే పుట్టిన బిడ్డ సైజువి నాలుగైదు వారాలకే బిగుసుకుపోతాయి. 0–3 నెలలవి కొనండి. పట్టుగౌన్లు, జరీ పంచెలు మీరు కొనక్కర్లేదు. నామకరణం రోజున అవే వస్తాయి, అవసరానికి మించే వస్తాయి.

డైపర్లు

పుట్టిన పిల్లల సైజుది, 20–24 ఉండే చిన్న ప్యాకెట్ ఒకటి. అంతే. ఆ సైజు 5 కిలోల దాకా అని ప్యాకెట్ మీద రాసి ఉంటుంది, మూడు మూడున్నర కిలోలతో పుట్టిన బిడ్డ నెలన్నరలో దాన్ని దాటేస్తుంది. తగ్గింపు ధరకు వచ్చిందని 80 ఉన్న కట్ట తెస్తే సగం మిగులుతుంది. రాత్రికి, ప్రయాణానికి, టీకాలకు వెళ్లే రోజుకు ఉంచుకోండి. మూడు నాలుగు గంటలకోసారి మార్చకపోతే మన వేడికి తొడల సందుల్లో ఒరిసిపోతుంది. బొడ్డు రాలేదాకా డైపర్ అయినా గుడ్డ అయినా పై అంచు బొడ్డు కిందికి మడవాలి. లంగోటీ ముడి బొడ్డు మీద పడకూడదు. బొడ్డుకు పొడిగా ఉండటమే మందు. నూనె, పసుపు, పౌడరు ఏదీ పూయొద్దు.

తుడవడానికి గోరువెచ్చని నీళ్లు, దూది చాలు. 200 గ్రాముల దూది చుట్ట ఒకటి తెచ్చుకోండి. తడి వైప్స్ కావాలంటే వాసన లేనివి ఒక చిన్న ప్యాకెట్, ప్రయాణానికి మాత్రం.

పడక, దోమతెర, ఉయ్యాల

డబ్బు ఎక్కువ పోయేది, తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే.

బిడ్డ పడక గట్టిగా, సమంగా ఉండాలి. వెల్లకిలా పడుకోబెట్టాలి. తలదిండు వద్దు. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు కుట్టించే అలవాటు మనలో ఉంది. ఏడాది దాకా ఏ దిండైనా బిడ్డ మెడను ముందుకు వంచి శ్వాసకు అడ్డమవుతుంది. తల ఒకవైపే చదునవుతుంటే మెలకువగా ఉన్నప్పుడు మీరు చూస్తుండగా బోర్లా వేయండి, పడుకోబెట్టే దిక్కు మార్చండి.

ఖరీదైన మెత్తటి పరుపు కన్నా పాత చీరలతో కుట్టిన బొంత మంచిది. నాలుగు మడతలు వేస్తే అణగదు, ఉతకొచ్చు, ఎండలో వేయొచ్చు. దాని మీద నీళ్లు ఇంకని రబ్బరు షీటు, పైన నూలు గుడ్డ. రబ్బరు షీట్లు రెండు కొనండి, ఒకటి ఆరేలోపు రెండోది పనికొస్తుంది. నవారు మంచం మధ్యలో గుంట పడుతుంది కాబట్టి పసిబిడ్డకు వద్దు. కడప బండల నేల మీద నేరుగా వేయొద్దు. చాప, దాని మీద బొంత వేస్తే పడిపోతుందన్న భయమే ఉండదు. కానీ నేల మీద చీమలు, తేళ్లు వస్తాయి, పల్లెల్లో మరీ. గొడుగులా తెరుచుకునే దోమతెర కొనేటప్పుడు అడుగున కూడా గుడ్డ ఉన్నదే ఎంచుకోండి. అడుగు లేనిదైతే నాలుగు వైపులా బొంత కిందికి దోపాలి. దోమతెర ఏ నెలలోనైనా కొనాల్సిందే. దోమల చక్రాలు, ద్రవాల కన్నా అదే మేలు. దోమలు రాకుండా ఒంటికి పూసే క్రీములు రెండు నెలల లోపు బిడ్డకు వాడకూడదు.

చీర ఉయ్యాలకు కొనాల్సింది నూలు తాడు, అడ్డకర్ర మాత్రమే. కొక్కెం స్లాబు పోసేటప్పుడు పెట్టినదైతే మంచిది. తర్వాత రంధ్రం వేసి బిగించిన దాన్ని నమ్మకముందు 20 కిలోల బియ్యం బస్తా కట్టి కాసేపు ఊపి చూడండి. సుద్ద రాలినా, కొక్కెం కదిలినా అక్కడ వద్దు. ఉయ్యాల అడుగు నేలకు అడుగున్నర ఎత్తు దాటకుండా కట్టండి. ఇందులో వీపు వంగి గడ్డం ఛాతీకి ఆనుకుంటే ఊపిరి ఆడదు, కాబట్టి పగలు, మనిషి ఎదురుగా ఉన్నప్పుడే. రాత్రి నిద్ర సమమైన పడక మీదే. ఎలాగూ ఉయ్యాలలో వేసే రోజు ఒకటుంది, దాని సామాను అప్పటిదాకా ఆగగలదు.

ఇక గది సంగతి. మిద్దె పై అంతస్తు గదికి పగటి ఎండంతా స్లాబులో నిలిచి రాత్రి పన్నెండు దాకా దిగుతుంది. వేసవి కాన్పయితే కూలరు కొనేముందు కింది గది ఖాళీ చేయించడం చూడండి. ఏసీ ఉంటే 25, 26 డిగ్రీల దగ్గర పెట్టి గాలి సూటిగా బిడ్డకు తగలకుండా చూడండి.

పాలు: కొనకూడనివే ఎక్కువ

సీసా, పాలపొడి, తేనెపీక ముందు తెచ్చి పెట్టొద్దు. ఇంట్లో సీసా ఉంటే మూడో రాత్రి బిడ్డ ఏడ్చినప్పుడు చేయి దాని మీదికే పోతుంది. అప్పటికి తల్లికి పాలు ఇంకా పడుతూనే ఉంటాయి, బిడ్డ చప్పరిస్తేనే పెరుగుతాయి. పుట్టిన గంటలోపు పాలు పట్టించడం మొదలుపెట్టి ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప ఇంకేమీ ఇవ్వక్కర్లేదు. 43 డిగ్రీల ఎండలో కూడా నీళ్లు వద్దు, తల్లిపాలలో ఎక్కువ భాగం నీళ్లే. నీళ్లు తాగాల్సింది బాలింత. అంగడివాళ్లు సీసా అంటగడితే గుర్తుంచుకోండి: రెండేళ్లలోపు పిల్లల పాలపొడి, సీసాలకు ప్రచారం చేయడం 1992 నాటి చట్టం, 2003 సవరణ ప్రకారం నిషేధం.

ముందుగా కొనదగింది ఒక్కటే: ఉగ్గుగిన్నె. బిడ్డ బరువు తక్కువై చప్పరించలేకపోతే పిండిన తల్లిపాలు దీనితోనే పడతారు, ఆసుపత్రుల్లో పలాడా అనేది ఇదే. ప్రొద్దుటూరు వెండి ఉగ్గుగిన్నె అమ్మమ్మ కానుకగా ఇస్తే సంతోషంగా తీసుకోండి. వాడకానికి మాత్రం అతుకులు, చెక్కడాలు లేని స్టీలుది మేలు. ముక్కు దగ్గర పాలు ఎండి అంటుకుంటే తోమడం కష్టం, అందుకే లోపల నున్నగా ఉన్నది చూసి తీసుకోండి. కడిగి పది నిమిషాలు నీళ్లలో మరిగించాలి. పాలు పిండే పంపు అవసరమైతే డాక్టరే చెబుతారు.

తేనె ఏడాది దాకా వద్దు, అందులోని బోట్యులిజం బీజాలు పసిబిడ్డ పేగుల్లో మొలకెత్తుతాయి. వస కొమ్ము, గ్రైప్ వాటర్, ఆముదం చీటీలోంచి కొట్టేయండి. విటమిన్ డి చుక్కలు కూడా సొంతంగా తేవద్దు. ఒక కంపెనీది మిల్లీలీటరుకు 400 యూనిట్లయితే ఇంకోదానిది 800 ఉంటుంది. పక్కింటివాళ్ల కొలత మీకు రెట్టింపు కావచ్చు.

స్నానం, ఒంటి సామాను

బొడ్డు రాలేదాకా తడిగుడ్డతో తుడవడమే, కాబట్టి టబ్బు పదిహేను రోజుల చీటీలో లేదు. తర్వాత కూడా అవ్వ పీట మీద కాళ్లు చాపి పోసే స్నానానికి టబ్బుతో పని లేదు. వాసన తక్కువ ఉన్న సబ్బు చిన్నది ఒకటి, కొబ్బరినూనె చిన్న సీసా చాలు. పౌడరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాటుకలో సీసం ఉండవచ్చు. దిష్టిచుక్క తప్పదంటే పాదానికి పెట్టండి, కంటికి వద్దు. సున్నిపిండి గరుకు మొదటి నెల చర్మానికి ఎక్కువ. సాంబ్రాణి పొగ మూసిన గదిలో వేయొద్దు. అంగట్లో అందమైన డబ్బాలో అమ్మే "పుట్టిన బిడ్డ సెట్టు"లో పౌడరు, సీసా, దిండు, చేతి తొడుగులే ఉంటాయి కాబట్టి దాన్ని వదిలేయొచ్చు.

డిజిటల్ థర్మామీటరు మాత్రం ముందే కొనండి. చంకలో పెట్టి చూడాలి: 36.5 నుంచి 37.5 సెల్సియస్ మామూలు. గుడ్డలు వదులు చేసి అరగంట తర్వాత చూసినా 37.5 దాటి ఉంటే, లేదా ఒంటికి ఆనించి వెచ్చగా చుట్టినా 36.5 రాకపోతే ఆసుపత్రికి వెళ్లాలి.

సొంత కారులో బెంగళూరు దారి పట్టేవాళ్లకు వెనక సీట్లో, వెనక్కి తిరిగి ఉండేలా బిగించే శిశు సీటు కావాలి. ముందు సీట్లో, గాలిసంచి ఎదురుగా ఎప్పుడూ పెట్టొద్దు. ఆటోలో ఇంటికి వెళ్లేవాళ్లకు దీని ఖర్చు లేదు. ప్రభుత్వాసుపత్రిలో కాన్పయితే 102 తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఇంటి దాకా దింపుతుంది. అక్కడ బేబీ కిట్ ఇస్తున్నారా అని ఆశా కార్యకర్తను ముందే అడిగితే దోమతెర లాంటివి రెండుసార్లు కొనే పని తప్పుతుంది.

సంచి సర్దడం

ఎనిమిదో నెల చివరికి, అంటే 36 వారాలు నిండేలోపు సర్దాలి. కవలలైనా, బీపీ ఉన్నా ఇంకో రెండు వారాలు ముందు.

సంచిలో వేరే కవరు ఒకటి పెట్టి దాని మీద "బిడ్డ – మొదటి బట్టలు" అని రాయండి. అందులో రెండు మందపాటి గుడ్డలు, ఒక టోపీ, ఒక జబ్లా, ఒక లంగోటీ మాత్రమే. ఆయమ్మ తలుపు తీసి "బిడ్డ బట్టలివ్వండి" అన్నప్పుడు బయట ఉండేది మామగారో తమ్ముడో. సంచి మొత్తం తిరగేయకుండా ఆ ఒక్క కవరు చేతికివ్వగలగాలి. మిగతా అరలో 12 లంగోటీలు, 4 జబ్లాలు, 4 చుట్టే గుడ్డలు, 1 టోపీ, డైపర్లు 8, దూది, రబ్బరు షీటు ఒకటి. తల్లికి ముందు తెరుచుకునే నైటీలు మూడు, పెద్ద ప్యాడ్లు రెండు ప్యాకెట్లు, ఫ్లాస్కు, గ్లాసు. జిప్పు అరలో తల్లీబిడ్డ రక్షణ కార్డు, స్కానింగులు, రక్తపరీక్షల కాగితాలు, ఆధార్, ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ) కార్డు, బ్యాంకు పాసుబుక్కు నకలు.

మిగిలిన చీటీ ఇంట్లో ఒకరి దగ్గర ఉంచండి: ఉయ్యాల తాడు, టబ్బు, రెండో విడత డైపర్లు, ఇంకా ఆరు జబ్లాలు. వాళ్లు అంగడికి బయల్దేరే ముందు ఆసుపత్రి నుంచి ఫోన్‌లో చెప్పాల్సింది బిడ్డ బరువు. రెండున్నర కిలోల కన్నా తక్కువైతే నెలలు నిండని పిల్లల సైజు డైపర్లు, ఇంకో రెండు టోపీలు. మూడున్నర దాటితే పుట్టిన పిల్లల సైజు మళ్లీ కొనకుండా నేరుగా చిన్న సైజు.